నలభై ఏడో పేజీ

పొట్లం విప్పి మొదటి అరటిపండు బజ్జీ నోటి దాకా తెచ్చిన రుమియాతి చెయ్యి అక్కడే ఆగిపోయింది. పొట్లం కాగితం మీద తను రాసిన వాక్యం ఉంది. "తాళంచెవి బావిలో పడ్డ చప్పుడు విని కూడా ఆమె వెనక్కి తిరగలేదు." కింద మూలన నలభై ఏడు అన్న అంకె.

వాన వెలిశాక సందు మొదట్లో సాగియెం అవ్వ బండి దగ్గర కొన్న బజ్జీలవి. అవ్వ ఎప్పుడూ పాత కాగితాల్లోనే కట్టిస్తుంది. పిల్లల పరీక్ష కాగితాలు, ఆఫీసు చిత్తులు, ఏవి దొరికితే అవి. ఎవరి పిల్లవాడు లెక్కల్లో తప్పాడో బజ్జీలు తింటూ తెలుసుకోవడం ఆ వీధికి మామూలే. కానీ తన నవల? రుమియాతికి తప్పిపోయిన పిల్ల సంతలో అంట్లు తోముతూ కనబడ్డట్టయింది.

బజ్జీలు పళ్ళెంలోకి వంచి కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టింది. నూనె పీల్చుకుని అది అద్దంలా అయిపోయింది. వెనక వైపు అక్షరాలు ఇటు తేలి, రెండు వైపులవీ కలగాపులగంగా కనబడుతున్నాయి. వెనక ఉన్నది నలభై ఎనిమిదో పేజీ. ఇంకేముంటుంది? అంటే ఎవరో తన పుస్తకాన్ని పాత కాగితాలతో కలిపి తూకానికి వేశారు.

వేసినవాళ్ళు ఎక్కడో దూరాన ఉన్నవాళ్ళు కాదు. "ఆవిరి బండి దిగినావిడ" అన్న ఆ నవల సలాతిగా ఊరు దాటి ఎక్కడికీ పోలేదు. ఏ ప్రచురణ సంస్థా తీసుకోకపోతే తనే అచ్చు వేయించుకుంది. ప్రతులు ఇంటికి వచ్చిన రోజు నుంచి కూరగాయల సంచి అడుగున రెండు పుస్తకాలు లేకుండా గడప దాటలేదు. పళ్ళ డాక్టరు దగ్గర పక్కన కూర్చున్నావిడకు మొదటి పేరా చదివి వినిపించింది, ఆవిడ దవడ వాచి మాట్లాడలేని స్థితిలో ఉన్నా సరే. వీధి వాట్సాప్ గుంపులో దోమల మందు కొడతారన్న కబురు కిందా, తప్పిపోయిన పిల్లి ఫొటో కిందా తన పుస్తకం అట్ట పెట్టింది. జనం బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకునేవారు. ఆమె ఊరుకునేది కాదు. చావింటికి మాత్రం తీసుకెళ్ళకని పూర్వాంతో అనే ఆమె భర్త ఒకసారి బతిమాలాడు. తీసుకెళ్ళింది. సంచి మాత్రం విప్పలేదు.

అందరికంటే ముందు కొన్నది అరిసాన్ వాళ్ళు, అంటే నెలకొక ఇంట్లో కూడి చీటీ తీసే వీధి ఆడవాళ్ళు. మొహమాటానికి కొన్నారని రుమియాతికీ తెలుసు. కొన్న ప్రతి మనిషికీ ఆమె ఒకే మాట చెప్పింది. చదవండి, బాగుంటే పదిమందికీ చెప్పండి, ఎరువు మాత్రం ఇవ్వకండి, కావాలన్నవాళ్ళను నా దగ్గరికి పంపండి. ఈ మాట ఎంత గట్టిగా, ఎన్నిసార్లు చెప్పిందంటే, ఆమె ఎదురుపడితే కొందరు పలకరింపుకు ముందే "ఎవరికీ ఇవ్వలేదమ్మా" అనేవారు.

ఈ ఆదివారం అరిసాన్ రెత్నో ఇంట్లో. రెత్నో, రుమియాతి ఒకే బళ్ళో ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు. చీటీ తీయడం అయ్యాక నవల మీద చర్చ పెట్టుకుందామని రెత్నోయే అంది. ఊరి గ్రంథాలయంలో పనిచేసే బు నింగ్రుంను, అంటే నింగ్రుం అమ్మగారిని, కూడా తనే వెళ్ళి పిలిచింది. ఆ పుస్తకం గురించి జనం నిజంగా మాట్లాడుకుంటున్నారని తోస్తే, గ్రంథాలయం చదువరుల బృందానికి ఈ ఏటి పుస్తకంగా దాన్నే తీసుకుంటానని బు నింగ్రుం మాటిచ్చింది. ఇంతవరకూ రుమియాతి నవల గురించి మాట్లాడింది రుమియాతి ఒక్కతే. ఆదివారం మొదటిసారిగా ఇంకొకరు నోరు విప్పాలి. సరిగ్గా ఆ వారంలోనే, ఆ ఆడవాళ్ళలోనే ఒకరు దాన్ని బజ్జీల పాలు చేశారు.

మర్నాడు సాగియెం అవ్వను అడిగింది. కాగితాల కట్ట పాత సామాన్ల బండివాడు తెస్తాడని, ఎక్కడెక్కడ పోగుచేశాడో వాడికే గుర్తుండదని అవ్వ చెప్పింది. "ఈసారి కాగితం మందంగా ఉందమ్మా, నూనె చేతికంటడం లేదు. నువ్వు అచ్చేయించిందేనా? మంచి కాగితమే వేయించావు," అని మెచ్చుకుంది కూడా. ఆ మెప్పు రుమియాతికి పుండు మీద కారంలా తగిలింది.

ఇలాంటివి ఎవరినీ నేరుగా అడిగేవి కావు. అందుకని ఒక్కో ఇంటికీ ఒక్కో మిష వెతుక్కుంది.

వీధి పెద్ద భార్య బు హెర్మిన్ ఇంటికి కొబ్బరి కోరాము కావాలంటూ వెళ్ళింది. ముందు గదిలో అద్దాల బీరువాలో, మక్కా నుంచి తెచ్చిన కూజా పక్కన, పుస్తకం నిటారుగా నిలబడి ఉంది. ముద్రణాలయం వాళ్ళు చుట్టి పంపిన పల్చటి ప్లాస్టిక్ తొడుగు కూడా చెక్కుచెదరలేదు. "చూడు జెంగ్ రుమి, ఎలా పెట్టుకున్నానో. ఈగను కూడా వాలనివ్వను," అంది బు హెర్మిన్, ఆ వీధి ఆడవాళ్ళు ఒకరినొకరు చనువుగా పిలుచుకునే 'జెంగ్' అన్న మాటతో. ఆ గౌరవానికి రుమియాతి కళ్ళు చెమర్చాయి. తూతీ ఇంట్లో ఫ్రిజ్ మీద అల్లిక గుడ్డ కింద ఉంది, అదీ తొడుగుతోనే. ఆ ఇద్దరి పేర్లూ మనసులో కొట్టేసుకుంది.

యాయుక్ దగ్గర తేడా వచ్చింది. పుస్తకం మాటెత్తగానే ఆమె టీ పోయడానికి లేచింది. గ్లాసులో టీ ఉండగానే మళ్ళీ పోసింది. ఇక్కడే ఎక్కడో ఉందనీ, పిల్లలు ఎక్కడ పడేశారోననీ, వానొచ్చేలా ఉంది బట్టలు తీయాలనీ ఒక్క ఊపిరిలో చెప్పింది. బయట మెర్బాబు కొండ శిఖరం దాకా మబ్బు తునక లేదు.

చివరికి రెత్నో. ఆమె ఇంట్లో పుస్తకాల అర రుమియాతికి కంఠతా వచ్చు. వంటల పుస్తకానికీ నిఘంటువుకూ మధ్య తన నవల ఉండేది. ఇప్పుడక్కడ పన్ను ఊడిన చోటులా ఖాళీ.

"నా పుస్తకం ఇక్కడుండేది కదూ?" అంది రుమియాతి, కిటికీ తెర మడతలు సర్దుతూ.

"మేడ మీద ఉంది," అంది రెత్నో.

ఆ ఇంటి మేడ మీద బట్టలారేసే తీగ, నీళ్ళ తొట్టి తప్ప మరేమీ లేవు. ఆ మాట రెత్నోకూ అప్పుడే తట్టినట్టుంది, మెడ దాకా ఎర్రబడింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదేనని రుమియాతి అనుకుంది.

భోజనాల దగ్గర భర్తకు అంతా చెప్పింది. యాయుక్ కూడా కావచ్చు కదా అన్నాడు ఆయన.

"యాయుక్ ఉత్త టీ పోసింది. రెత్నో ఏకంగా మేడే కట్టింది."

"పోనీ, అడిగేస్తే పోలా?"

"అడిగితే కాదంటుంది. కాదంటే నేను నమ్మాల్సొస్తుంది," అంది రుమియాతి.

అనుమానం పట్టిన మనసు పాత పెట్టెలన్నీ తెరుస్తుంది. రాతప్రతి చదివినప్పుడు రెత్నో "కొంచెం పొడుగైందేమో" అంది. అప్పుడది సలహాలా వినబడింది, ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంది. బళ్ళో వ్యాసాల పోటీలో తనకు బహుమతి వచ్చినప్పుడు రెత్నో తలనొప్పని ముందే ఇంటికి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఎవరూ అడక్కుండానే తన ఇంట్లో చర్చ పెడతానంది, గ్రంథాలయం ఆవిడను కూడా పిలిచింది. ఎందుకు? ఎవరూ చదవలేదన్న సంగతి ఆవిడ ముందు, అందరి ముందు బయటపడాలనేమో.

పిల్లి మీదా ఎలక మీదా పెట్టి చెప్పడంలో రుమియాతి అత్తగారిది గొప్ప చెయ్యి. ఆవిడ కోడలిని తిట్టదలచుకుంటే పెరట్లో కోళ్ళకు బుద్ధి చెప్పేది. ఆ ఇంట్లో ఇన్నేళ్ళు కాపురం చేసి రుమియాతి కూడా ఆ విద్య కొంత నేర్చుకుంది. శుక్రవారం సాయంత్రం వేడి బజ్జీలు కొని, దాచిన నలభై ఏడో పేజీలో తన వాక్యం పైకి కనబడేలా కట్టి, నీలం అంచు పళ్ళెంలో పెట్టి, పక్కన నాలుగు పచ్చిమిరపకాయలు వేసి, రెత్నో ఇంటికి తీసుకెళ్ళింది. ఇక ఆ మనిషి ముఖం ఏ రంగుకు తిరుగుతుందో చూడాలి.

రెత్నో పొట్లం చేతిలోకి తీసుకుంది. మడత విప్పబోయి ఆగి, పై వాక్యం చదివింది. ముఖం ఏ రంగుకూ తిరగలేదు. బజ్జీలు పళ్ళెంలోకి దింపి, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత మిరపకాయ ఒకటి, బజ్జీ ఒకటి కొరికి, వేడిగా బాగున్నాయంది. ఇంకో బజ్జీ తిన్నాక అడిగింది.

"ఈ కాగితం నేనుంచుకోనా జెంగ్?"

"నీదేగా, ఉంచుకో."

ఆ 'నీదేగా'లో ఎంత విషం పట్టిస్తే అంతా పట్టించి రుమియాతి లేచి వచ్చేసింది.

ఆ తృప్తి ఇంటికొచ్చి చెప్పులు విడిచేదాకా ఉంది. తర్వాత భయం పట్టుకుంది. రెత్నోకు కోపం వచ్చి ఆదివారం ఇంటి తలుపు మూసేస్తే? బు నింగ్రుంకు ఇంకేదైనా చెబితే? పుస్తకం బయటికి నడిచే దారి ఆ ఒక్క ఇంట్లోంచే ఉంది, ఆ గుమ్మంలోనే తను ముళ్ళు పరిచి వచ్చింది. శనివారం పొద్దున గుంపులో రెత్నో కబురు కనబడింది. రేపు అందరూ ఎవరి పుస్తకం వాళ్ళు వెంట తెచ్చుకోవాలి, జెంగ్ రుమి గురించి ఒక సంగతి చెప్పాలి. రుమియాతి దాన్ని పదేపదే చదివింది. ఎంత చదివినా అందులో మంచి కనబడలేదు. జ్వరమని చెప్పి మానేద్దామా అనుకుంది. మానేస్తే ఆ సంగతేమిటో తను లేకుండానే చెప్పుకుంటారు. అందుకని వెళ్ళింది, సంచిలో రెండు ప్రతులతో సహా.

బు నింగ్రుం సన్నగా, తక్కువ మాటలతో ఉండే మనిషి. కళ్ళజోడు తాడుతో మెడకు వేలాడుతోంది. చీటీ ఎవరి చెల్లెలికో పడింది, నవ్వులయ్యాయి, అరిటాకులో చుట్టిన లెంపర్ అన్నం పొట్లాలూ టీ గ్లాసులూ తిరిగాయి. అప్పుడు రెత్నో లోపలికి వెళ్ళి ఆ పేజీ తెచ్చింది. నూనె ఒత్తి తీసేసి, ఇస్త్రీ చేసినట్టు చదును చేసి ఉంచింది. అందరికీ కనబడేలా పైకి పట్టుకుంది. రుమియాతి ఒళ్ళోని సంచి పిడి గట్టిగా పట్టుకుంది.

"మా జెంగ్ రుమి సంగతి మీకు తెలియదు బు నింగ్రుం," అంది రెత్నో. "కొనండి కొనండని మమ్మల్ని అడిగి అడిగి, ఇప్పుడు బజ్జీల పొట్లం చేసి పంపుతోంది. ఒకే ఒక్క పేజీ. తాళంచెవి బావిలో పడింది, ఆవిడ వెనక్కి తిరగలేదు. అంతటితో పేజీ ఆఖరు. తర్వాత ఏమైందో కావాలంటే పుస్తకం కొనుక్కోవాలి. ఇంత తెలివి ఎవరికొస్తుంది?"

ఆడవాళ్ళు గలగలా నవ్వారు. తెలివే అన్నారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. రుమియాతి నవ్వలేదు. ఈ పొగడ్త వెనక ఏ కత్తి ఉందోనని రెత్నో ముఖం వెతికింది. ఆ ముఖం బియ్యప్పిండి ఆరబెట్టినట్టు నున్నగా ఉంది.

బు నింగ్రుం కళ్ళజోడు పెట్టుకుని కాగితం అందుకుంది. ముందు వైపు చదివి, వెనక్కి తిప్పింది. "ఇటు పెళ్ళి శుభలేఖ ఉందే," అంది.

"అచ్చు చెడిపోయిన కాగితాలండీ," అంది రెత్నో. "ముద్రణాలయంలో సిరా సరిగ్గా పడుతోందో లేదో చూడడానికి వాటి వెనకే ఇంకో పని కొట్టి చూస్తారు కదా, తర్వాత తూకానికి వేసేస్తారు. పారేసే కాగితాన్ని కూడా వదల్లేదు ఈవిడ."

రుమియాతి చెయ్యి చాచి కాగితం తీసుకుంది. నూనె ఆరాక అక్షరాలు విడివిడిగా కనబడుతున్నాయి. వెనక నలభై ఎనిమిదో పేజీ లేదు. ఎవరో వధూవరుల పేర్లు, కొబ్బరాకుల అంచు, అన్నీ ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. ఆ కాగితం ఎన్నడూ ఏ పుస్తకంలోనూ లేదు. దాన్ని ఎవరూ ఎవరికీ అమ్మలేదు.

వీపు మీద చల్లటి తడిగుడ్డ పడ్డట్టయింది ఆమెకు.

"పొట్లం సంగతి బాగుంది," అంది బు నింగ్రుం. "మరి పుస్తకం సంగతేమిటి? చదివినవాళ్ళెవరు?"

బు హెర్మిన్ అందరికంటే ముందు తన ప్రతి తీసి చూపింది. ప్లాస్టిక్ తొడుగు దీపం వెలుగులో తళతళలాడింది. మీకేం నచ్చిందని బు నింగ్రుం అడిగింది.

"అట్ట," అంది బు హెర్మిన్ తడుముకోకుండా.

తూతీకి కూడా అట్టే నచ్చింది. ఆమె ప్రతికీ తొడుగుంది. బు నింగ్రుం గోడ గడియారం వైపు ఒకసారి చూసింది. ఆ తొడుగును రుమియాతి గౌరవమనుకుంది.

"మీ పుస్తకం ఏదీ?" అని బు నింగ్రుం రెత్నోను అడిగింది. యాయుక్ టీ పోయడానికి లేచింది.

రెత్నో కాస్త తడబడింది. రుమియాతి వైపు తిరిగింది. "నువ్వు కోప్పడకూడదు. అది అంబరావాలో మా అమ్మ దగ్గరుంది. ఒక్క వారానికని తీసుకుంది. చదివి పక్కింటావిడకిచ్చింది, ఆవిడ వాళ్ళ అక్కకిచ్చింది. ఎవరికీ ఇవ్వద్దని నువ్వు అన్నిసార్లు చెప్పావాయె. అందుకే మేడ మీదుందన్నాను."

టీ కుండ పట్టుకున్న యాయుక్ అక్కడే నిలబడిపోయింది. "నాదీ అంతే జెంగ్. మా ఆడపడుచు కాలు విరిగి ఆస్పత్రిలో ఉందని తీసుకెళ్ళాను. పక్క మంచం ఆవిడ పట్టుకుని ఇవ్వడం లేదు," అంది. దొరికిపోయాక ధైర్యం వచ్చినట్టుంది, ఆగకుండా కొనసాగించింది. "అయినా ఒకటి అడగనా? కథలో ఆ ఇంటావిడ ఆ అర్ధరాత్రి తలుపు తీయకుండా ఉండాల్సింది."

"తీయకపోతే ఎలా?" అంది రెత్నో. "వానలో తడుస్తూ నిలబడ్డ మనిషి."

"తాళంచెవి బావిలో పడేసింది ఆ మనిషే కదా. తనే పడేసి, తనే వచ్చి తలుపు కొడుతుందా? నేనైతే దుప్పటి ముసుగు పెట్టుకుని పడుకునేదాన్ని."

"నువ్వు అంతే. నీ తోడికోడలు వచ్చినప్పుడు కూడా అంతే చేశావు."

యాయుక్ టీ కుండ ఠక్కున బల్ల మీద పెట్టింది. ఇక ఆ ఇద్దరినీ ఆపడం ఎవరి తరమూ కాలేదు. అంబరావా అమ్మ ఏమందో రెత్నో చెప్పింది, ఆస్పత్రిలో నర్సు ఏమందో యాయుక్ చెప్పింది. చదవనివాళ్ళు ఇద్దరి మధ్యా దూరి ఎవరు ఎవరికి ఏమవుతారని అడగసాగారు. తూతీ ఒక మూల కూర్చుని, బల్ల చాటున గోటితో ప్లాస్టిక్ తొడుగును చప్పుడు కాకుండా చింపుతోంది. బు నింగ్రుం గడియారం వైపు మళ్ళీ చూడలేదు. సంచిలోంచి కలం తీసింది.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆవిడ రుమియాతితో అంది. "ఈ ఏడు ఇదే తీసుకుంటాం. కానీ ఒక్క మాట. గ్రంథాలయమంటేనే పుస్తకాలు ఎరువివ్వడం. మీకేమీ అభ్యంతరం లేదుగా?"

వీధి ఆడవాళ్ళందరూ చెప్పులేసుకోవడం ఆపి రుమియాతి జవాబు కోసం చూశారు. ఆమె ఆలోచించుకోవాల్సి వచ్చింది.

"లేదండీ," అంది చివరికి.

సోమవారం సాయంత్రం రెత్నో నీలం అంచు పళ్ళెం తిరిగి తెచ్చింది. ఇరుగుపొరుగు పళ్ళెం ఖాళీగా తిరిగి రాకూడదు కనుక అందులో క్లెపోన్ ఉండలు పేర్చి ఉన్నాయి, కొరికితే తాటిబెల్లం పాకం చిమ్మేవి. వాటి కింద, నాలుగు మడతలుగా, నలభై ఏడో పేజీ.

రుమియాతి దాన్ని చూసింది. రెత్నో వంక చూసింది. శుక్రవారం నాడు ఈ మనిషి కాగితాన్ని తిప్పి, వెలుతురుకు పట్టి చూసిన తీరు గుర్తొచ్చింది. శుభలేఖను అప్పుడే చూసింది. 'నీదేగా' అన్న మాట అప్పుడే విన్నది. రెండూ కలుపుకుని, రెండు రోజులు కడుపులో పెట్టుకుని, అందరి ముందూ దాన్ని తెలివితేటలుగా చేసి చూపించింది.

"ఈసారి ఏదైనా అడగాలనిపిస్తే నోటితోనే అడుగు జెంగ్," అంది రెత్నో, ఒక క్లెపోన్ తనే నోట్లో వేసుకుంటూ. "బజ్జీలు ఊరికే చల్లారిపోతాయి."

రుమియాతి చాలాసేపు పళ్ళెం అంచు తుడిచింది. తర్వాత నోటితోనే అడిగింది. "మీ అమ్మగారి దగ్గర నుంచి పుస్తకం ఎప్పుడు తిరిగొస్తుంది?"

"రాదు. ఇప్పుడు ఎవరి దగ్గరుందో మా అమ్మ చెప్పడం లేదు."

"అయితే నీ అరలో ఆ చోటు ఖాళీయేగా," అంది రుమియాతి. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే, మేకుకు వేలాడుతున్న కూరగాయల సంచి వైపు పోయింది.